ఎండుటేటి సీమ మ్యాపు

నేను చూసిన మొట్టమొదటి ఊహాలోకపు మ్యాపు పరమ అసహ్యంగా ఉంది. గీసింది మా చిన్నమ్మ కొడుకు, నాకు అన్న. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు కొండలంటూ వరసగా త్రిభుజాలు పెట్టాడు. అడవులంటూ సున్నాలు చుట్టాడు. వాటి మధ్య ఒక నదిని, అది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో తనకే తెలియకుండా, మెలికలు తిప్పాడు. ఆదివారం మధ్యాహ్నం హిందూపురంలో వాళ్ళ మిద్దె మీద, నీళ్ళ తొట్టి నీడలో దాన్ని పరిచి, గాలికి లేవకుండా మూలల్లో రాళ్ళు పెట్టాడు.

"ఇదేందన్నా, సాంబారు ఒలికినట్ల ఉండాది?" అన్నాను.

"చేతనైతే నువ్వు గియ్యి," అన్నాడు ఉక్రోషంగా.

"ఇట్లియ్యి," అని కాగితం లాక్కున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. మా ఇల్లు ధర్మవరంలో. డిగ్రీ చదవడానికి హిందూపురం వచ్చి చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. అన్నకు బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. శనివారం సాయంత్రం రైల్లో వచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. అక్కడ తోటి ఉద్యోగుల దగ్గర ఈ ఆట నేర్చుకొచ్చాడు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో ఒక్కొక్క మనిషిగా మారి, తామేం చేస్తామో చెబుతూ పోతారు. చేసే పని ఫలిస్తుందా లేదా అన్న అనుమానం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్నది పడితే చెడినట్టు. ఆట ఒక పూటతో ముగిసేది కాదు, నెలల తరబడి సాగుతుంది. వేషం కట్టకుండా, కూర్చున్నచోటనే ఆడే నాటకం అనుకోండి. ఆ నాటకం జరిగే దేశానికే మ్యాపు కావాలి.

కథ చెప్పేవాడు అన్న. ఆడేవాళ్ళం ముగ్గురం. నేను మంత్రగత్తెను. నా క్లాసులోనే చదివే, కర్ణాటక సరిహద్దున ఉన్న అగళి ఊరి అమ్మాయి కత్తి పట్టిన వీరురాలు. ఆమె ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడేది. కోపం వస్తే రెండూ కలిపేసేది. మూడోవాడు పెనుకొండ అబ్బాయి, స్కూలు టీచరు కొడుకు. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే రైలెక్కి వచ్చి, మా మిద్దె మీద దొంగ వేషం వేసేవాడు.

గీయడం నాకు కొత్త కాదు. మా నాయన పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. అంచులో రావలసిన హంసనీ మామిడిపిందెనీ ముందు గ్రాఫు కాగితం మీద గడి గడికీ లెక్క చూసి నింపాలి. ఆ గళ్ళను బట్టే మగ్గానికి చిల్లుల అట్టలు కొడతారు. నాకు బలపం పట్టడం కంటే ముందే గళ్ళు నింపడం వచ్చు. అందుకే అన్న మ్యాపు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది గానీ భయం వెయ్యలేదు. వారం తిరిగేలోపు ధర్మవరం నుంచి తెచ్చుకున్న గ్రాఫు కాగితాల మీద కొత్త దేశం గీశాను. ముందు పెన్సిలు, తర్వాత నల్ల ఇంకు, ఆపైన పోస్టర్ రంగులు. కాగితం పాతబడినట్టు కనబడాలని టీ డికాషన్‌లో దూది ముంచి అంతటా అద్దాను. అన్న ఊళ్ళకు ఇంగ్లీషు పేర్లు పెట్టమన్నాడు. నేను వినలేదు. ఒంటిగుండు, నక్కల కనుమ, జిల్లేళ్ళకోట అని రాశాను.

"రాక్షసులు తిరిగే దేశానికి జిల్లేళ్ళకోట ఏందిమే?" అన్నాడు అన్న.

"మన రాక్షసులు జిల్లేళ్ళలోనే తిరుగుతారులేన్నా," అన్నాను.

అగళి అమ్మాయి నవ్వి నా పక్షం చేరింది. పేర్లు అలాగే ఉండిపోయాయి.

మా అవ్వ ఈ ఆటలోకి రావడం ఎవరూ పిలిస్తే జరిగింది కాదు. అవ్వ అంటే మా అమ్మకూ చిన్నమ్మకూ తల్లి. చిన్నమ్మ దగ్గరే ఉండేది. ఎండాకాలం మిద్దె మీద మిరపకాయలు ఆరబోసి, కోతులు రాకుండా కట్టె పట్టుకుని కాపలా కూర్చునేది. మా ఆట ఆమె చెవుల్లో పడుతూనే ఉండేది. ఒక ఆదివారం మేం నది దాటే పనిలో ఉండగా ఉన్నట్టుండి అడిగింది.

"ఏమప్పా, ఆ ఏటికి నీళ్ళు యాడినుంచి వస్తాయి?"

"అది మాయానది అవ్వా," అన్నాడు అన్న.

"మాయదైతే మాత్రం? ఎగువ లేకుండా ఏరు యాడన్నా ఉంటాదా?"

కట్టె పక్కన పెట్టి దగ్గరికి వచ్చి కూర్చుంది. చదువు రాదు. నేను ఒక్కొక్క గుర్తునూ వేలుతో చూపించి ఇది కొండ, ఇది కోట, ఇది బాట అని చెప్పాను. ఆమె నది వెంబడి వేలు పోనిచ్చి, అది ఒక మైదానం నడుమ మొదలవడం చూసి నా మొహంలోకి చూసింది. నిజమే. అన్న గీసిన తప్పునే నేను ఇంకా అందంగా గీశాను. నాకు సిగ్గు కలగలేదు, ఉత్సాహం వచ్చింది. ఆమె అడిగినదానికి జవాబు గీయగలనని నాకు తెలుసు.

"నన్నూ చేర్చుకోండి. ఊరికే కూచోని కోతుల్ని తోల్తాండా," అంది.

"నువ్వేమవుతావు అవ్వా? రాణివా, మంత్రగత్తెవా?" అన్నాడు పెనుకొండ అబ్బాయి.

"రాణీ వద్దు, మంత్రమూ వద్దు. సంతలో ఎర్రగడ్డలమ్మే ముసిల్దాన్ని. నాకు అందరూ తెలుసు."

అన్న బెంగళూరు నుంచి తెచ్చిన ఆట నియమాల జిరాక్సు కాగితాలన్నీ తిరగేశాడు. ఉల్లిపాయలమ్మే ముసలామెకు ఎంత బలమో, ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటుందో వాటిలో ఎక్కడా లేదు. చివరికి తానే ఏదో రాసుకున్నాడు. ఆనాటి నుంచి ప్రతి సత్రంలో, ప్రతి కోట వాకిట్లో అవ్వ తన బుట్ట దించి కూర్చునేది. మేం కత్తులు దూసి, తలుపులు పగలగొట్టి తెలుసుకునే సంగతులు ఆమె ఎర్రగడ్డలు తూచుతూ రాబట్టేది. కోట కాపలావాణ్ణి "ఏమబ్బా, పెండ్లాం బిడ్డలు బాగుండారా?" అని పలకరించేది. కాపలావాడుగా మాట్లాడుతున్న అన్న నిజంగానే ఇబ్బందిపడి, దాచిపెట్టాల్సిన దారి కాస్తా చెప్పేసేవాడు.

నదికి ఎగువ కావాలి గనుక నేను దేశమంతా మళ్ళీ గీశాను. సెలవులకు ధర్మవరం పోయినప్పుడు ఆ కొత్త మ్యాపు నాయన కంట్లో పడింది. డిజైన్ కాగితాలు ఆటలకు ఖర్చు చేస్తున్నానని కోప్పడతాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రంగు బాగా కలిపినావు. కొండలు మాత్రం అన్నీ ఒకే అచ్చులో పోసినావు," అన్నాడు.

"అట్లనే కదా నాయనా నువ్వు నేర్పింది?"

"అది చీరకు. చీరలో మళ్ళా మళ్ళా అదే రావాల, రాకుంటే తప్పు. నేలకు అచ్చు యాడుంటాదిమే? పోయి చూడు."

పోయి చూశాను. ఆ తర్వాతి ఆదివారం ఆట మానేసి అందరం పెనుకొండలో రైలు దిగాం. అవ్వ మోకాళ్ళ నొప్పులని రాలేదు. పెనుకొండ అబ్బాయి ముందు నడిచాడు. కొండ కింద నుంచి చూస్తే ఒక్కటే ముద్దలా ఉంటుంది. ఎక్కుతూ పోతే ప్రతి మలుపులో వేరే కొండ. ఒకచోట ఏనుగు వీపులా నునుపైన బండ, ఇంకోచోట ఒకదాని మీద ఒకటి పడబోతున్నట్టు గుండ్లు. కోటగోడ తిన్నగా పోదు, బండ ఎటు తిరిగితే అటే తిరుగుతుంది. కట్టినవాళ్ళు కొండతో పోట్లాడలేదు, దాన్నే గోడలో కలిపేసుకున్నారు. బాట కూడా అంతే, గుండు అడ్డం వచ్చినచోట చుట్టుకుపోయింది. నేను ఒక్కో మలుపులో ఆగి గీశాను. మిగిలినవాళ్ళు పైకి చేరి, వేరుశనక్కాయలు తినేసి, "వస్తాండావా లేదా?" అని కేకలేశారు.

పైనుంచి చూస్తే కింద చెరువులు, ఎర్ర చేలు, రైలు కట్ట. వానలు లేక చెరువుల్లో సగం పగుళ్ళే. అక్కడే కూర్చుని, మా దేశంలో మంచుకొండలూ పచ్చని అడవులూ ఉండవని ప్రకటించాను.

"కథలో కూడా కరువేనా?" అని మూతి ముడిచింది అగళి అమ్మాయి.

"కరువు ఎందుకొచ్చిందో కనుక్కుందాం. అదే కథ," అన్నాను.

అన్న కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. మేం ఎండుటేటి సీమ అని పేరు పెట్టిన దేశం ఆ కొండ మీద పుట్టింది. ఒకప్పుడు నిండుగా పారిన ఏరు ఎండిపోయింది. ఎగువన ఏదో జరిగింది. నలుగురు బయలుదేరి ఎగువకు పోయి సంగతి తేల్చాలి. కనుమ గుహలో ఒక రాక్షసుడు ఊటకు అడ్డంగా పడి నిద్రపోతున్నాడని, చివర్లో పెద్ద యుద్ధం పెట్టాలని అన్న మనసులో అనుకున్నాడు. అది మాకు తెలియదు.

ఈసారి గ్రాఫు కాగితం వాడలేదు. డ్రాయింగు షీట్లు అంచులు కలిపి, వెనక పాత పంచె గుడ్డ అంటించి, చాపంత మ్యాపు గీశాను. ఏ రెండు కొండలూ ఒకేలా లేవు. దాన్ని మిద్దె మీద పరిచినప్పుడు అందరూ చుట్టూ చేరారు. చిన్నమ్మ కూడా కాఫీ గ్లాసులతో వచ్చి, తొక్కకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చుట్టూ తిరిగి చూసింది. బాగుందని నాకు తెలుసు. తెలియనట్టు నటించలేదు.

ఆట ఆ వర్షాకాలమంతా, ఆపై చలికాలమంతా సాగింది. అప్పుడొకరోజు జరిగింది ఇది. పెనుకొండ అబ్బాయి దారి చూసుకోవడానికి మ్యాపును తనవైపు తిప్పుకున్నాడు. నాకూ అవ్వకూ అది తలకిందులుగా ఉంది. అన్న అవ్వను అడిగాడు, "నువ్వు యాడ దిగుతావు?" అని.

"నేను ఒంటిగుండు కిందనే ఉంటా, ఈడ," అంటూ అవ్వ తడుముకోకుండా వేలు పెట్టింది.

ఆ వేలు ఖాళీ ఇసుక నేల మీద ఉంది. మ్యాపు మామూలుగా ఉండి ఉంటే ఒంటిగుండు సరిగ్గా అక్కడే ఉండేది.

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అన్న ఏదో అనబోతే నేను వద్దని సైగ చేశాను. ఆ సైగ కూడా అవ్వ గమనించలేదు. ఆమె మ్యాపు చూసి ఆడటం ఎప్పుడో మానేసింది. మేం చెప్పుకునే మాటలు విని, ఏది ఎక్కడుందో మనసులో పెట్టుకుని ఆడుతోంది. నెలల నుంచి మిరపకాయలు ఏరమంటే నడుము నొప్పి అనడం, మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకోవడం అన్నీ అప్పుడు అర్థమయ్యాయి.

డాక్టరు నీటికాసులన్నాడు. కంటి లోపలి నరం దెబ్బతింటుందట. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది నిలుపుకోవడానికి చుక్కల మందు వేయాలని చెప్పాడు. మిగిలింది వెలుగూ నీడా మాత్రమే. ఇంటికొచ్చాక చిన్నమ్మ ఏడ్చింది గానీ అవ్వ ఏడవలేదు.

తర్వాతి ఆదివారం పిలిస్తే పైకి రానంది.

"మీరు ఆడుకోండప్పా. చూడలేనిదాన్ని, నేనేం ఆడతా?"

"ఇన్ని దినాలు చూడకనే ఆడితివి కదా?" అన్నాను.

"ఆపొద్దు మీకు తెల్దు. ఇప్పుడు తెలిసె. ఇంక అందరూ నన్ను జూసి గొంతు మెత్తగా పెడతారు. నాకొద్దు."

ఆమె చెప్పింది నిజం. మెట్లెక్కి పైకి వచ్చేసరికే నేనేం చేయాలో నిర్ణయించుకున్నాను. ఆమె ఆడాలి. ఆమె ఆడాలంటే ఆమెకు మ్యాపు కావాలి. గీసిన మ్యాపు కంటికి అందకపోతే వేలికి అందేది చేస్తాను. చేయగలనా అన్న ప్రశ్న నాకు రాలేదు. దేంతో చేయాలన్నదే నా ఆలోచన.

ధర్మవరం పోయి, మగ్గాల దగ్గర మిగిలిపోయిన పట్టుదారం తుక్కు సంచిలో నింపుకొచ్చాను. ఎందుకని నాయన అడిగితే చెప్పాను. ఆయన ఇంకేమీ అనకుండా జరీ ముక్కలు కూడా వేశాడు. ప్లైవుడ్ పలక మీద మొదటిది తయారుచేశాను. ఏరుకు పేనిన పట్టుదారం, కొండలకు చింతగింజలు, కోటలకు చొక్కా గుండీలు, చేలకు రాగులు, ఎడారికి ఇసుక, అడవికి చీపురుపుల్లల తుంపులు. ఒక్క అంగుళం కూడా ఖాళీ లేదు. అన్నిటినీ మైదాపిండి బంకతో అంటించాను. అది ఆరేలోపే చీమలు పట్టాయి. వాటిని దులిపి, పలకను అవ్వ ఒళ్ళో పెట్టాను.

అవ్వ రెండు చేతులూ పలక మీద పోనిచ్చింది. చాలాసేపు తడిమింది.

"బాగుండాదా?"

"అంతా గరగరే ఉండాది తల్లీ. యాడ ఏముందో తెలీలే. కళ్ళుంటే బాగుంటాదేమో."

చివరి మాట నాకు సూటిగా తగిలింది. నేను కంటి కోసమే చేశాను మళ్ళీ. గదిలోకి పోయి తలుపేసుకుని, కళ్ళకు తువ్వాలు కట్టుకుని నా పలకను నేనే తడిమాను. ఏదీ దొరకలేదు. రాగులకూ ఇసుకకూ తేడా లేదు. ఏరు ఎక్కడో పుల్లల్లో పోయింది. నేను చేసిన దేశంలో నేనే తప్పిపోయాను.

రెండోది కళ్ళకు గంతలతోనే చేశాను. తెల్ల బంక తెచ్చాను, చీమల బాధ పోయింది. ఇసుక, రాగులు, పుల్లలు అన్నీ తీసేశాను. నేల అంటే నున్నటి చెక్క, అంతే. దాని మీద ఏరుకు ఒక దారం, బాటకు దానికంటే సన్నపు నూలు, కొండలకు చింతగింజలు, ఊరికి ఒక గుండీ. గుర్తుకూ గుర్తుకూ నడుమ వేలు ఆగి ఊపిరి తీసుకునేంత చోటు వదిలాను. ఇన్నాళ్ళూ ఖాళీ కనబడితే నింపాలనిపించేది. ఖాళీని కూడా గీయాలని ఆ పలక మీద నేర్చుకున్నాను.

అవ్వ వేలు ఒక గుండీ దగ్గర మొదలై నూలు పట్టుకుని నడిచింది. చింతగింజల దగ్గర మలుపు తిరిగింది. ఇంకో గుండీ దగ్గర ఆగింది.

"ఇది జిల్లేళ్ళకోట," అంది.

"అవునవ్వా."

"ఆ కాపలాగాడు ఉండాడా, పెండ్లాం పుట్టింటికి పోయినోడు?"

"ఉండాడు."

"ఆదివారం మిద్దె మీదికి తోడుకొని పో నన్ను."

మొదట అందరూ ఆమె అన్నట్టే గొంతు మెత్తగా పెట్టారు. పెనుకొండ అబ్బాయి ఆమె బుట్ట తాను మోస్తానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. సంతలో వాడి దొంగ వేషాన్ని రాజభటులకు పట్టించి, తర్వాత తానే విడిపించింది. దాంతో మెత్తదనం పోయింది.

ఎండాకాలం మొదట్లో మేం కనుమ చేరాం. గుహలో రాక్షసుడున్నాడని తెలిసింది. అగళి అమ్మాయి కత్తి నూరింది. నేను నా మంత్రాలన్నీ వరసగా పెట్టుకున్నాను. అన్న కళ్ళల్లో మెరుపు. ఆ యుద్ధానికి అతను బెంగళూరు నుంచి సిద్ధపడి వచ్చాడు. మేం ముగ్గురం పెద్ద మ్యాపు మీద వంగి గుహలోకి దారులు వెతుకుతున్నాం. అవ్వ తన పలక ఒళ్ళో పెట్టుకుని ఊరికే తడుముతోంది.

"మే, ఈ గట్టుకు అవతల ఇంకో దారం ఉండాది. ఇదేం ఏరు?"

"నల్లేరు. అది అవతలి రాజ్యానిది. మనకు పనిలేదు," అన్నాడు అన్న.

"నీళ్ళుండాయా దాంట్లో?"

"నిండా ఉండాయి."

"గట్టు ఈడ సన్నంగా ఉండాదే. ఒకే వరస గింజలు. ఈడ తవ్వితే నీళ్ళు ఇటు పడవా?"

నేను పెద్ద మ్యాపు చూశాను. అక్కడ కూడా గట్టు సన్నగానే ఉంది. నేనే గీశాను. గోధుమరంగు నీడలు బాగా వేసి, గుండ్లు పేర్చి, చూడగానే గట్టిగా కనబడేలా చేశాను. కంటితో చూసిన మా ముగ్గురికీ అది దాటరాని కొండ. వేలితో చూసిన అవ్వకు ఒకే వరస గింజలు. నాకు పట్టరాని సంతోషం వేసింది. నా చేతిలోంచి వచ్చిన దేశంలో నాకు తెలియని దారి ఒకటి ఉంది, దాన్ని అవ్వ కనిపెట్టింది.

"మరి రాక్షసుడు?" అన్నాడు అన్న.

"నిద్రపోతాండాడు కదా? పోనీ పాపం. లేపేదెందుకు?"

పెనుకొండ అబ్బాయి అడ్డుపడ్డాడు. "అవ్వా, అవతలి వాళ్ళ నీళ్ళు మనం తెచ్చుకుంటే వాళ్ళ గతేంది?"

అవ్వ ఒప్పుకుంది. "నిజమేనప్పా. అడగకుండా తవ్వేది తప్పు. పోయి అడుగుతా. అంతా వద్దు, సగం చాలు."

అవతలి రాజ్యం పెద్దమనిషిగా మాట్లాడటానికి అన్న ఒక్కడూ చాలలేదు. అగళి అమ్మాయి కత్తి పక్కన పెట్టి ఆ పాత్ర తీసుకుంది. అవతలివాళ్ళు కన్నడం మాట్లాడతారని తనే నిర్ణయించేసింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని "నీరు కొడల్ల, హోగజ్జీ!" అంది. నీళ్ళివ్వం, పోవే ముసలీ అని. అవ్వ పుట్టింది కర్ణాటక సరిహద్దు పల్లెలోనే. ఆమె కూడా కన్నడంలో అందుకుంది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చిన్నమ్మ ఏం గొడవో అని పైకొచ్చి, విని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి అన్న పాచిక వేయమన్నాడు. అవ్వ వేసింది. చిన్న అంకె పడింది.

"ఒప్పుకోలేదవ్వా," అన్నాడు అన్న.

"సరేలే. రేపు ఎర్రగడ్డల బుట్ట తీసుకొని మళ్ళా పోతా."

"మళ్ళా చిన్నది పడితే?"

"ఎల్లుండి పోతా. నాకేం పని?"

ఆటలో రోజులు గడిచాయి. ప్రతిరోజూ అవ్వ పాచిక వేసింది. మేం అంకె చదివి చెప్పాం. పెద్దది పడినప్పుడు అగళి అమ్మాయే ముందు ఎగిరి గంతేసింది, ఓడిపోయింది తన పాత్రేనని మరిచిపోయి. గట్టు తవ్వాం. సగం నీళ్ళు ఇటు మళ్ళాయి. ఎండుటేట్లో నీళ్ళు వచ్చాయని అన్న ప్రకటించాడు. రాక్షసుడితో యుద్ధం జరగనే లేదు. దాని కోసం అట్టతో చేసిపెట్టుకున్న రాక్షసుడి బొమ్మను అతను ఆ సాయంత్రం చూపించాడు. చాలా బాగుంది. అవ్వ దాన్ని తడిమి, "కొమ్ములు బాగా చేసినావప్పా," అని మెచ్చుకుంది.

డిగ్రీ అయ్యాక నేను ధర్మవరం వచ్చేశాను. నాయన పక్కన కూర్చుని చీరలకు డిజైన్లు గీయడం మొదలుపెట్టాను. ఆ పని ఇళ్ళల్లో ఆడవాళ్ళు సాయంగా చేసేదే గానీ పేరు మగవాళ్ళదే. నేను మాత్రం నా డిజైన్ల కింద నా పొడి అక్షరాలు వేసేదాన్ని. కొన్నేళ్ళకు కంప్యూటర్లు వచ్చాయి. నాయన వాటి జోలికి పోలేదు. నేను నేర్చుకున్నాను. రోజంతా గీసే పని ఒక్క పూటలో అయిపోయేది. మిగిలిన పూట మ్యాపులకు దక్కింది. మ్యాపులు మాత్రం చేత్తోనే గీసేదాన్ని. నాకది ఇష్టం, అంతకంటే కారణం లేదు. అగళి అమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చింది. పెనుకొండ అబ్బాయి రైల్వేలో చేరాడు. అన్న పెళ్ళి చేసుకుని బెంగళూరులోనే స్థిరపడ్డాడు. చిన్నమ్మ అక్కడికి పోవలసి వచ్చినప్పుడు అవ్వ, "నాకు ఆ మెట్లూ లిఫ్టులూ వద్దు," అని మా ఇంటికి వచ్చేసింది.

వచ్చిన వారానికే అడిగింది, "ఈడ ఆట లేదా?" అని.

అలా కథ చెప్పే పని కూడా నా మీద పడింది. ఆడటానికి అవ్వ, మా అమ్మ, పక్కింట్లో మగ్గం నేసే వాళ్ళ కోడలు. పని లేని ఆదివారం మధ్యాహ్నాలు నడింట్లో కూర్చునేవాళ్ళం. కొత్త దేశం ఎలాంటిది కావాలని అడిగాను.

"సముద్రం పెట్టు," అంది అవ్వ.

"నువ్వు సముద్రం చూసినావా?"

"యాడ చూసినా? నువ్వు చూసినావా?"

"లేదు."

"మరి ఎట్ల చేస్తావు?"

"చేస్తాలే."

తీరం వెంబడి ఊళ్ళు పెట్టాను, రేవు పెట్టాను, దీపస్తంభానికి దారపుకండె నిలబెట్టాను. సముద్రానికి ఏ గుర్తూ వేయలేదు. మగ్గం మీద చివర మిగిలిన నీలం పట్టుగుడ్డ ఒకటి నాయన ఇచ్చాడు. దాన్ని తీరానికి అంటించి, పలక అంచు దాటి కిందికి వేలాడేంత పొడుగు వదిలేశాను.

అవ్వ వేళ్ళు ఊళ్ళన్నీ దాటి రేవు దగ్గరికి వచ్చాయి. పట్టు తగలగానే ఆగాయి. తర్వాత అరచెయ్యి మొత్తం దాని మీద ఆనించి, మెల్లగా ముందుకు తోసింది. పలక అయిపోయింది, గుడ్డ అయిపోలేదు. చెయ్యి గాల్లోకి సాగింది.

"ఇంకా ఉండాదా?"

"ఉండాది."

"అవతల ఒడ్డు యాడుంది?"

"నువ్వే పోయి చూడాల."

"పడవ ఎవురు నడుపుతారు?"

అమ్మ తనకు భయమంది. పక్కింటి కోడలు తనకు ఈత రాదంది. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకోకుండానే రెండో చెయ్యి నావైపు చాపింది.

"పాచిక ఇట్లియ్యి," అంది.